పొటాషియంలో పంతొమ్మిదో ఎలక్ట్రాన్ మూడో కర్పరంలోకి ఎందుకు వెళ్లదు?

పెరంబూరు_పద్మ
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న పరీక్షలో పొటాషియం ఎలక్ట్రాన్ విన్యాసం రాయమంటే 2, 8, 9 అని రాసి వచ్చింది. సున్నా వేశారు. 2, 8, 8, 1 అని రాయాలట. దాని పుస్తకం నేనూ తిరగేశాను. ఒక్కో కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే ఒక్కో పొరలో, పట్టేవి 2ఎన్² అని అందులోనే ఉంది. ఎన్ అంటే కర్పరం సంఖ్య. మొదటిదానిలో 2, రెండోదానిలో 8, మూడోదానిలో 18, నాలుగోదానిలో 32. పద్దెనిమిది పట్టేచోట ఎనిమిదే ఉంటే ఇంకా పది ఖాళీలు ఉన్నట్టే కదా.

మార్కు పోయినందుకు నాకు బాధ లేదు. ఎందుకు అని అడిగితే "అది అంతే, కంఠస్థం చెయ్యి" అన్నారట. అది బాధగా ఉంది. రాత్రి అన్నం దగ్గర నన్ను పట్టుకుంది: "అమ్మా, 29సి బస్సులో వెనక పది సీట్లు ఖాళీగా ఉంటే ఎవరైనా దిగిపోయి తర్వాతి బస్సు కోసం నిలబడతారా?" నేను కామర్స్ చదివినదాన్ని. తెలిసినవాళ్లు దానికి అర్థమయ్యేలా చెప్పండి. బడిలో చదువు ఇంగ్లీషులోనే అయినా, తెలుగులో చెబితేనే దానికి మనసుకు పడుతుంది.

విల్లివాక్కం_వాసు
ఆ బస్సు పోలికకే ఒక మార్కు వేయాలి.

తాంబరం_లోకల్
నేను సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. బయటి కర్పరంలో 8కి మించి ఉండకూడదు, నియమం ఇదొక్కటే. అందుకే తొమ్మిదోది కొత్త కర్పరంలోకి వెళుతుంది. తొమ్మిదో తరగతికి ఇంతే చాలు. కాల్షియం దాకానే అడుగుతారు, అది 2, 8, 8, 2. పిల్లలను లోతుకు దింపితే ఉన్న మార్కులు కూడా పోతాయి.

పాత_సుద్దముక్క
తాంబరం గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ మీరు చెప్పినది కారణం కాదు. 9 ఎందుకు రాదంటే 8కి మించదు కాబట్టి అంటున్నారు. ఆ పిల్ల అడిగినదాన్నే తిప్పి ఆ పిల్ల చేతిలో పెట్టినట్టయింది.

అడయారు_ఆకాశం
పైగా ఆ నియమం అన్నిచోట్లా నిలబడదు. 46వ మూలకం పల్లాడియం విన్యాసం 2, 8, 18, 18. దానికి అయిదో కర్పరంలో ఎలక్ట్రానే లేదు. బయటి కర్పరం నాలుగోదే, అందులో 18 ఉన్నాయి.

తాంబరం_లోకల్
46వ మూలకాన్ని తొమ్మిదో తరగతిలో ఎవరు అడుగుతారండీ?

అడయారు_ఆకాశం
ఎవరూ అడగరు. కానీ "ఎప్పుడూ" అని పిల్లలకు చెప్పే ముందు మనకు తెలిసి ఉండాలి కదా.

పాత_సుద్దముక్క
ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి, ఇప్పుడు వేళచ్చేరిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పద్మమ్మా, కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

18 అనేది మూడో కర్పరంలో ఎన్ని పడతాయో చెప్పే లెక్క. ఏవి ముందు నిండుతాయో ఆ లెక్క చెప్పదు. పుస్తకాలు ఈ రెండిటినీ ఒకే పేజీలో పెట్టి మధ్యలో ఒక్క వాక్యం కూడా రాయవు. మీ అమ్మాయి పడిన గుంట అదే. అది పుస్తకం తవ్విన గుంట.

మూడో కర్పరం ఒకే పెద్ద హాలు కాదు. అందులో మూడు భాగాలున్నాయి, వాటిని ఉపకర్పరాలు అంటాం. 3ఎస్‌లో 2, 3పిలో 6, 3డిలో 10. 18వ మూలకం ఆర్గాన్ దగ్గరకు వచ్చేసరికి 3ఎస్, 3పి నిండిపోయాయి, అదే ఆ 8. అమ్మాయికి కనిపిస్తున్న పది ఖాళీలూ 3డిలోవే. కనుక పంతొమ్మిదో ఎలక్ట్రాన్ ముందున్న రెండు దారులు 3డి, 4ఎస్. ఎక్కడ ఉంటే కేంద్రకం దాన్ని గట్టిగా పట్టుకుంటుందో అక్కడికే అది చేరుతుంది.

పొటాషియం కేంద్రకంలో 19 ప్రోటాన్లు. వాటి చుట్టూ 18 ఎలక్ట్రాన్లు తెరలా అడ్డు నిలిచాయి. ఆ తెరకు పూర్తిగా బయట ఉన్న ఎలక్ట్రాన్‌కు 19లో 18 పోగా ఒక్క ప్రోటాన్ బలమే తగులుతుంది. డి ఎలక్ట్రాన్ కేంద్రకం దాపుకు దాదాపు రాదు, కనుక దాని పరిస్థితి ఇదే. ఎస్ ఎలక్ట్రాన్ అలా కాదు. దాని మబ్బు, అంటే అది ఉండగల చోటు, చాలావరకు దూరంగానే పరచుకున్నా, కొంత భాగం ఆ తెరను చీల్చుకుని కేంద్రకం దాకా వెళుతుంది. అక్కడ అసలు బలం రుచి చూస్తుంది.

అంకెల్లో చూడండి. హైడ్రోజన్‌లో మూడో స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్‌ను పీకేయడానికి 1.51 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల్లో శక్తికి వాడే కొలత) శక్తి కావాలి, నాలుగో స్థాయిలో అయితే 0.85. పొటాషియంలో ఎలక్ట్రాన్‌ను 3డిలో ఉంచితే దాన్ని పీకడానికి 1.67 చాలు. హైడ్రోజన్ అంకెకు ఎంత దగ్గరగా ఉందో చూశారా? తెర బయట ఒంటరిగా ఉన్నట్టే లెక్క. అదే 4ఎస్‌లో అయితే 4.34 కావాలి. లోపలికి చొచ్చుకుపోవడం వల్ల 0.85 కాస్తా 4.34 అయింది.

పెరంబూరు_పద్మ
మాస్టారూ, రెండుసార్లు చదివాను. వెనక సీట్లు ఖాళీగా ఉన్న మాట నిజమే కానీ అక్కడ పట్టుకోవడానికి కడ్డీ లేదు, అంతేనా?

పాత_సుద్దముక్క
అంతే తల్లీ. నాకంటే బాగా చెప్పారు.

విల్లివాక్కం_వాసు
పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ దాకా కడ్డీ లేకుండా నిలబడినవాడికి ఇది ఒక్కసారికే అర్థమవుతుంది.

నీట్_నిద్రలేదు
ఇది మాకు ఎన్+ఎల్ నియమంగా చెప్పారు. ఎన్ కర్పరం సంఖ్య; ఎల్ ఉపకర్పరానికి ఇచ్చే అంకె, ఎస్‌కు 0, పికి 1, డికి 2. 4ఎస్‌కు 4+0 = 4, 3డికి 3+2 = 5. చిన్నది ముందు నిండుతుంది. మాడెలుంగ్ నియమం అంటారు. బాణాలు గీసిన పటం చూసి రాసేస్తాం. నా ఇబ్బంది వేరు. 4ఎస్ ముందు నిండితే, ఇనుము ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని అయాన్ అయ్యేటప్పుడు కూడా 4ఎస్‌లోవే ముందు ఎందుకు పోతాయి? ఇనుము 2, 8, 14, 2. రెండు పోతే 2, 8, 14 అంటున్నారు. తక్కువ శక్తిలో స్థిరంగా ఉన్నవి ముందు పోవడం ఎక్కడి న్యాయం? మా కోచింగ్‌లో అడిగితే "నింపేటప్పుడు ఒక వరస, తీసేటప్పుడు ఒక వరస" అన్నారు.

పాత_సుద్దముక్క
నేనూ తరగతిలో అలాగే చెప్పేవాడిని బాబూ. నింపేటప్పుడు 4ఎస్ కింద ఉంటుంది, నిండాక పైకి లేస్తుంది అని.

అడయారు_ఆకాశం
మాస్టారూ, గౌరవంతోనే కాదంటున్నాను. పరమాణువును ఎవరూ ఎలక్ట్రాన్ తర్వాత ఎలక్ట్రాన్ వేసి నింపరు. మనం పట్టికలో పొటాషియం నుంచి కాల్షియానికి, అక్కడి నుంచి స్కాండియానికి నడిచినప్పుడు ఎలక్ట్రాన్‌తో పాటు ఒక ప్రోటాన్ కూడా పెరుగుతుంది. ఆ ప్రోటాన్‌ను మరిచిపోవడం వల్లే ఈ చిక్కు వస్తోంది.

ఇలా చూడండి. పొటాషియం పరమాణువు, ఒక ఎలక్ట్రాన్ పోయిన కాల్షియం అయాన్, రెండు పోయిన స్కాండియం అయాన్. మూడింటిలోనూ ఎలక్ట్రాన్లు 19. ప్రోటాన్లు మాత్రం 19, 20, 21. పొటాషియంలో 4ఎస్ కంటే 3డి 2.67 ఎలక్ట్రాన్ వోల్టులు పైన ఉంది. కాల్షియం అయాన్‌లో ఆ ఎడం 1.69కి తగ్గింది. స్కాండియం అయాన్‌లో అంతా తలకిందులైంది: 3డి కిందికి వచ్చింది, 4ఎస్ దానికి 3.17 పైన ఉంది. కేంద్రకం బలం పెరిగేకొద్దీ 3డి మబ్బు తెర లోపలికి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఒకసారి లోపలికి వచ్చాక అది మూడో కర్పరానికి తగ్గట్టే గట్టిగా నిలుస్తుంది.

అంటే స్కాండియం నుంచి 3డియే కింద. ఇనుములో 4ఎస్ ముందు పోవడంలో వింత ఏమీ లేదు, పైన ఉన్నదే పోతోంది.

నీట్_నిద్రలేదు
అయితే స్కాండియంలో మూడు ఎలక్ట్రాన్లూ 3డిలోకే వెళ్లాలి కదా? 2, 8, 11 అవ్వాలి. మరి 2, 8, 9, 2 ఎందుకు?

అడయారు_ఆకాశం
ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి తోసుకుంటాయి కాబట్టి. 3డి ఇరుకు గది. ఒకటి చేరగానే రెండోదానికి అక్కడ ఖర్చు పెరుగుతుంది. 4ఎస్ విశాలమైన గది, అక్కడ తోపులాట తక్కువ. మొత్తం పరమాణువు శక్తి ఎలా కూర్చుంటే అతి తక్కువ అవుతుందో చూసుకుంటే ఒకటి 3డిలో, రెండు 4ఎస్‌లో తేలుతాయి. ఒక్కో ఉపకర్పరానికి ఒక స్థిరమైన ఎత్తు ఉందని, కింది మెట్టు నుంచి పైకి నింపుతామని అనుకోవడమే పొరపాటు. పద్మగారి బస్సులో అయితే, ఎవరు ఎక్కినా సీట్లన్నీ కొంచెం కొంచెం జరుగుతాయి.

పాత_సుద్దముక్క
మీ అంకెలు రాత్రి కాగితం మీద పెట్టుకుని చూశాను. ఒప్పుకుంటున్నాను. నేను చెప్పినది పొటాషియానికి, కాల్షియానికి సరిపోతుంది. ఆ తర్వాత ప్రోటాన్‌ను లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడకూడదు. నా దగ్గర చదివినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దిద్దుకోండి.

ఇంకొకటి గమనించారా? స్కాండియం 2, 8, 9, 2. మూడో కర్పరంలో 9 నిజంగానే ఉంది! మీ అమ్మాయి రాసిన 9 రెండు మూలకాల తర్వాత వచ్చింది పద్మమ్మా.

పెరంబూరు_పద్మ
ఇది చదివి వినిపించగానే కుర్చీలోంచి లేచి గంతేసింది.

విల్లివాక్కం_వాసు
ఒక సందేహం. ఇవన్నీ ఎవరైనా చూశారా? కంటికి కనబడని దానిలో 8 ఉన్నాయి, 9 ఉన్నాయి అని ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారు?

వర్ణపటం
నేను అంబత్తూరులో లోహాల పరీక్షశాలలో పనిచేస్తాను. పోత కర్మాగారాల నుంచి రోజూ నమూనాలు వస్తాయి. వాసు గారూ, ఎలక్ట్రాన్‌ను ఎవరూ చూడలేదు కానీ ఒక్కొక్కటిగా పీకి ఎంత శక్తి కావాలో కొలిచారు. పొటాషియంలో మొదటిదానికి 4.34 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండోదానికి 31.6! అక్కడి నుంచి తొమ్మిదోదాని దాకా మెట్లు మెట్లుగా పెరిగి 176 దగ్గరకు వస్తుంది. పదోదానికి ఒక్కసారిగా 500 దాటుతుంది. ఒకటి, తర్వాత ఎనిమిది, తర్వాత మళ్లీ గోడ. సోడియంలో కూడా ఇంతే: 5.14, వెంటనే 47.3. తొమ్మిదోది 300, పదోది 1465. ఒకటి, ఎనిమిది, రెండు. కర్పరాలను వేళ్లతో లెక్కపెట్టినట్టే.

అడయారు_ఆకాశం
మంచి సాక్ష్యం, కానీ ఒక చిన్న రంధ్రం ఉంది. పంతొమ్మిదోది 3డిలో ఉన్నా, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఇలాంటి దూకుడే కనిపించేది. అది విడిగా, వదులుగా ఉందని మాత్రమే ఈ అంకె చెబుతుంది. 4ఎస్ అని తేల్చేది దాని వర్ణపటం (అది ఇచ్చే వెలుగులోని రంగు గీతలు), అయస్కాంత క్షేత్రంలో దాని ప్రవర్తన. పొటాషియం పరమాణువుల ధారను తగిన అయస్కాంతం గుండా పంపితే రెండు పాయలుగా చీలుతుంది. డి ఎలక్ట్రాన్ అయితే అంతకంటే ఎక్కువ పాయలు రావాలి.

వర్ణపటం
ఒప్పుకుంటాను. మాకు వర్ణపటమే కూడు పెడుతుంది. నమూనా మీద నిప్పురవ్వ కొట్టగానే పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు పైకి ఎగిరి కిందికి దిగుతాయి. దిగేటప్పుడు ఒక్కో దూకుడుకు ఒక్కో రంగు గీత. సోడియంలో బయట ఒక్క ఎలక్ట్రానే కాబట్టి కొట్టొచ్చే గీతలు కొద్దే. ఇనుముకు వేల గీతలు! 3డిలో ఆరు ఎలక్ట్రాన్లు సగం సగం నిండి ఎన్ని రకాలుగా సర్దుకోవచ్చో అన్ని స్థాయిలు. కొత్తగా చేరిన పిల్లలు ఇనుము పటం చూసి బెదిరిపోతారు. ఇంకో సంగతి: నిప్పురవ్వ కొట్టే చోట మేము ఆర్గాన్ వాయువు నింపుతాం. 2, 8, 8. ఎవరితోనూ కలవదు. గాలి ఉంటే కార్బన్, గంధకం ఇచ్చే అతినీలలోహిత గీతలను అందులోని ఆక్సిజన్ మింగేస్తుంది.

నుంగంబాక్కం_నాగు
గీతల మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చి చూశాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లి చూశాడు. సూర్యుడి అంచున పసుపు గీత ఒకటి కనిపించింది. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్లు. ఈ కొత్తది దాదాపు 587.5. ఇంత దగ్గరగా ఉన్నా అది సోడియం కాదు. దాన్నే హీలియం అన్నారు. భూమి మీద అది దొరికింది 1895లో, రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకు. ఆ నక్షత్రశాల మన నుంగంబాక్కంలోనే, ఇప్పటి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉండేది. దాని రాతి స్తంభం ఇంకా ఉంది, మీద తెలుగులో కూడా చెక్కారు.

తాంబరం_లోకల్
దీనికీ కర్పరాలకూ సంబంధం?

నుంగంబాక్కం_నాగు
ఉంది. ఎలక్ట్రాన్ అమరిక వేరు కనుకే గీత వేరు. తాకకుండానే కొత్త మూలకం అని ఎలా తెలిసిందో చెబుతున్నాను. ఆ నక్షత్రశాల పని 1899లో కొడైకెనాల్‌కు మారింది. అక్కడ వందేళ్లకు పైగా సూర్యుణ్ణి 393.4 నానోమీటర్ల కాల్షియం గీతలో ఫొటోలు తీశారు. ఆ గీత అడయారు గారు చెప్పిన కాల్షియం అయాన్‌ది. పొటాషియం లాగే 2, 8, 8, 1. పంతొమ్మిదో ఎలక్ట్రాన్ 4ఎస్ నుంచి 4పికి ఎగిరేటప్పుడు మింగే వెలుగు అది. సూర్యుడి మీద కూడా ఆ ఎలక్ట్రాన్ మూడో కర్పరంలో కూర్చోలేదు!

నీట్_నిద్రలేదు
ఆ గీత పేరు కె. పొటాషియం గుర్తు కె. మొదటి కర్పరం పేరు కె. ఒకే ప్రశ్నపత్రంలో మూడూ వస్తే మేమేం కావాలి?

పాత_సుద్దముక్క
మూడిటికీ చుట్టరికం లేదు. పొటాషియానిది కాలియం అనే లాటిన్ పేరు. కర్పరానిది బార్క్‌లా అనే భౌతికశాస్త్రవేత్త ఎక్స్‌రేలకు పెట్టిన అక్షరం. ఇంకా లోపలివి దొరికితే ముందు అక్షరాలు మిగలాలని ఎ నుంచి మొదలుపెట్టకుండా కె దగ్గర మొదలుపెట్టాడు. అంతకంటే లోపల ఏమీ దొరకలేదు, కె అలాగే ఉండిపోయింది.

నీట్_నిద్రలేదు
ఇంకొక్కటి అడిగి చదువుకుంటాను. క్రోమియం 2, 8, 13, 1. రాగి 2, 8, 18, 1. సగం నిండినా, పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువ అంటారు. అది నిజమేనా?

అడయారు_ఆకాశం
కొంత నిజం. ఒకే దిశ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే, రెండు దిశల్లో ఒకటయ్యే గుణం) ఉన్న ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి తప్పించుకుంటాయి, తోపులాట తగ్గుతుంది. కానీ అదే కారణమైతే పట్టికలో క్రోమియం నిలువు వరసలోనే రెండు గడుల కింద ఉన్న టంగ్‌స్టన్ కూడా అలాగే ఉండాలి. అది 5డిలో నాలుగు, 6ఎస్‌లో రెండు పెట్టుకుంది. నయోబియం అయితే సగం నిండకుండానే 5ఎస్ నుంచి ఒకటి 4డికి పంపింది. ఆ రెండు స్థాయిలూ చాలా దగ్గరగా ఉన్నచోట చిన్న తేడా కూడా పక్క మార్చేస్తుంది. పరీక్షలో మాత్రం సగం నిండడం అనే రాయి.

తాంబరం_లోకల్
చూశారా, చివరికి మీరూ పరీక్షకే వచ్చారు.

పాత_సుద్దముక్క
పరీక్షకు రానివ్వండి, దానితో పాటు ఇదీ తెలిసి ఉండనివ్వండి. ఈ అమరికను నమ్మడం వల్ల ఏం దొరికిందో చెబుతాను. 72వ మూలకం అప్పటికి ఇంకా తెలియదు. చాలామంది అది అరుదైన మృత్తికల్లో, అంటే ఒకదానినొకటి బాగా పోలిన లోహాల గుంపులో, ఒకటని అందులో వెతికారు. నీల్స్ బోర్ లెక్క వేసి, నాలుగో కర్పరం 32తో 71వ మూలకం దగ్గరే నిండిపోతుంది, కనుక 72వది జిర్కోనియానికి చుట్టం కావాలి అన్నాడు. కోపెన్‌హాగెన్‌లో కాస్టర్, హెవెషి జిర్కోనియం ఖనిజంలో వెతికారు. దొరికింది, 1923లో ప్రకటించారు. హాఫ్నియం. ఎంత పడుతుంది అన్న ఆ 2ఎన్² లెక్కే అక్కడ పనికొచ్చింది. ఆ సూత్రం మీద అమ్మాయికి కోపం పెట్టుకోవద్దని చెప్పండి.

తాంబరం_లోకల్
హాఫ్నియం సంగతి నాకు తెలియదు, రేపు మా పిల్లలకు చెబుతాను. 8కి మించదు అనే మాట మాత్రం మానను. "కాల్షియం దాకా" అని ముందు చేరుస్తాను.

పాత_సుద్దముక్క
ఆ రెండు మాటలు చాలు.

వర్ణపటం
పద్మగారూ, అమ్మాయికి చదివి వినిపించడమే కాదు, చూపించండి. అట్టపెట్టెకు బ్లేడుతో సన్నని చీలిక పెట్టి, లోపల పాత సీడీ ముక్క ఏటవాలుగా అతికించి, పక్కన కన్ను పెట్టేంత రంధ్రం చేస్తే చాలు. పసుపుగా వెలిగే పాత సోడియం వీధి దీపం దొరికితే దానివైపు తిప్పమనండి. ఎల్ఈడీ దీపం అయితే రంగులన్నీ కలిసిపోతాయి, గీతలు కనబడవు.

పెరంబూరు_పద్మ
మా వీధిలో అన్నీ తెల్ల దీపాలే. రైల్వే గోడ దగ్గర ఒక్క పసుపు దీపం మిగిలి ఉంది. నిన్న రాత్రి ఇద్దరం వెళ్లాం. బిస్కెట్ల పెట్టెతో చేసుకుంది. ముందు నేను చూశాను, పసుపు పట్టీ ఒకటి కనిపించింది, బాగుందనుకున్నాను. తర్వాత అమ్మాయి చూసి, "అమ్మా, పసుపు మధ్యలో నల్లగా ఒక సన్న గీత ఉంది, పెట్టె చీలిక సరిగా కోయలేదేమో" అంది. మళ్లీ కోసి చూశాం. గీత అక్కడే ఉంది. ఇది మా పెట్టె తప్పా?

వర్ణపటం
పెట్టె తప్పు కాదు! అది కనిపించిందంటే అమ్మాయి చీలిక బాగా కోసింది. ఆ దీపం గొట్టం లోపల నడుమ వేడి ఎక్కువ. అక్కడి సోడియం ఎలక్ట్రాన్ 3పి నుంచి 3ఎస్‌కు దిగుతూ 589 దగ్గర పసుపు వెలుగు ఇస్తుంది. గొట్టం అంచున ఉన్న సోడియం కొంచెం చల్లగా ఉంటుంది. దాని బయటి ఒక్క ఎలక్ట్రాన్ 3ఎస్‌లో కూర్చుని ఉంటుంది. సరిగ్గా ఆ వెలుగునే మింగి పైకి ఎగురుతుంది. అందుకే నడుమ నలుపు. సూర్యకాంతిలో కూడా ఇదే చోట ఇదే నల్ల గీత ఉంటుంది. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడవద్దు, తెల్ల కాగితం మీద పడిన ఎండ వైపు పెట్టె తిప్పమనండి.

పెరంబూరు_పద్మ
ఆదివారం పొద్దున మేడ మీదకు వెళతాం. కాగితం, పెట్టె ఇప్పుడే మెట్ల దగ్గర పెట్టుకుంది.